మోడరేటరు టీచరమ్మ

సీమవాళ్ల కోసం మేము ఇంటర్నెట్‌లో ఒక ఫోరం నడిపేవాళ్లం. ఏ ఊళ్లో హత్య జరిగినా ఆ పగ మా ఫోరంలోకి వచ్చేది. మోడరేటరుగా పెట్టిన ప్రతివాడూ తన వర్గం బెదిరింపులు ఉంచి, ఎదుటివాళ్లవి తీసేసేవాడు. చివరికి కోయిలకుంట్ల టీచరమ్మను అడిగాం. ఆమె భర్తను అంతకుముందే ఎదుటి వర్గంవాళ్లు వేటకొడవళ్లతో నరికి చంపారు. "ఆయమ్మ న్యాయంగా యాడుంటాదప్పా?" అని కొందరు గొణిగారు.

ఏ పోస్టు తీసేసినా, అది రాసినవాడికి ఆమె ఫోన్ చేసేది. "అన్నం తింటివా నాయనా?" అని మొదలుపెట్టి, ఎందుకు తీసేసిందో నెమ్మదిగా చెప్పేది.

ఒకరోజు ఎవరో మారుపేరుతో పోస్టు పెట్టారు. ఆమె భర్తను చంపినవాడి కొడుకు సాయంత్రం డోన్ స్టేషన్‌లో దిగుతాడని, అక్కడే నరకాలని రాశారు. ఆ కుర్రవాడూ మా సభ్యుడే. ఆమె ఆ పోస్టు తీసేసి, ఈసారి ఆ కుర్రవాడికి ఫోన్ చేసింది.

"డోన్‌లో దిగొద్దు నాయనా. దానికి ముందు స్టేషన్లోనే దిగిపో."

అతను బతికాడు. పోస్టు రాసింది ఆమె మరిది. మర్నాడు ఆమె ఇంటికొచ్చి కంప్యూటరు నేలకేసి కొట్టాడు. కొడవలి పిడితో ఆమె నుదురు పగలగొట్టాడు.

ఆసుపత్రికి వెళ్లి, "మీ సారును చంపింది ఆ పిల్లోడి నాయనే కదమ్మా" అన్నాను.

ఆమె నుదుటి మీది కుట్లు తడుముకుంది.

"అవునప్పా. ఆ పొద్దు మా ఆయనకు గూడా ఎవరన్నా ఒక ఫోను చేసింటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాండా."