బాపు నాలుక కింద రాయి

మా బాపు సన్నాయి ఊదేవాడు. నల్గొండ చుట్టుపక్కల పెళ్లంటే ఆయన లేనిదే జరగదని గొప్పలు చెప్పను. డీజే పెట్టెలు వచ్చాక పిలిచేవాళ్లే తగ్గిపోయారు. అయినా తలంబ్రాల వేళకు మాత్రం కొందరికి ఇంకా సన్నాయే కావాలి. ఆ కాసేపటి కోసమే ఆయన బతికేవాడు.

అలాంటి మనిషికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే కుడి దవడ కింద నిమ్మకాయంత ఉబ్బడం మొదలైంది. తిన్న కాసేపటికి తగ్గేది. పులుపు తగిలితే మరీ ఎక్కువ. గవదబిళ్లలని ఇరుగుపొరుగు వాళ్లు నీలిమందు పూయించారు. తగ్గలేదు సరికదా, నీలం దవడతో ఒక పెళ్లికి కూడా వెళ్లొచ్చాడు. అమ్మ ఇంట్లో చింతపులుసు చేయడమే మానేసింది.

ఒకరోజు అద్దం ముందు నాలుక పైకెత్తి చూసుకుంటే, కింద నూకగింజంత తెల్లటి చుక్క కనిపించిందట. సన్నాయి వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. నోట్లో పెట్టి ఊదే పీకలో ఉమ్మి పేరుకుని గాలి ఆడకపోతే, సన్నాయికే దారంతో కట్టుకున్న సన్నటి సూదితో పొడిచి తెరుస్తారు. బాపు ఆ సూదితోనే నాలుక కింద చుక్కనూ పొడిచాడు. కాస్త నెత్తురు, ఉప్పగా ఉమ్మి వచ్చి వాపు దిగింది. ఇంకేం, వైద్యం దొరికిపోయింది. వాపు వచ్చినప్పుడల్లా అదే పని. మాకెవ్వరికీ చెప్పలేదు.

జ్వరమొచ్చి దవడ బిగుసుకుపోయాక నేను నల్గొండ దవాఖానకు తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో రాయి కనిపించింది.

"మూత్రంల రాయి ఇన్నగని, ఉమ్మిల రాయేంది సారూ?" అన్నాడు బాపు.

మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనమామ చూడటానికొచ్చి, "మా దిక్కు సున్నపురాయి తక్కువైందా బావా, నోట్లెనే గని పెట్టుకున్నవు?" అని ఆటపట్టించాడు. బాపు కూడా నవ్వాడు. అప్పటికింకా నవ్వుకోగలిగే విషయమే.

హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. మెడ మీద కోత ఉండదు. నాలుక కింద ఉమ్మి వచ్చే రంధ్రంలోంచే అగ్గిపుల్లకన్నా సన్నటి కెమెరా గొట్టం పంపి, చిన్న తీగబుట్టతో రాయిని పట్టి లాగుతారు. బాపు అడిగింది ఒకటే.

"నా పెదిమె గిట్లనే ఉంటదా అమ్మా?"

"ఈ పద్ధతిలో పెదవి జోలికే పోము" అందామె. నేను నమ్మాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మర్నాడు ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన ఆమె ముఖం చూడగానే పని కాలేదని తెలిసిపోయింది. రంధ్రం మచ్చకట్టి పూడుకుపోయింది. చిన్న గాటు పెట్టి లోపలికి వెళ్లినా, దారంతా గట్టిపడి గొట్టం సాగలేదు. రాయి బాగా వెనక, ఉమ్మి ఊరే గ్రంథి మొదట్లో ఇరుక్కుని ఉంది.

"ఇక్కడ ఎప్పుడైనా ఏమైనా గుచ్చుకుందా?" అని మత్తు దిగాక బాపును అడిగింది.

బాపు అప్పుడు సూది సంగతి చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నోరంటే సన్నాయి పీక అనుకున్నవా బాపూ?"

"గదే అనుకున్న బిడ్డా."

 

ఇక గ్రంథినే తీసేయాలన్నారు, దవడ కింద కోసి. కింది పెదవిని కదిపే నరం ఆ పక్కనుంచే పోతుంది, జాగ్రత్తగా చేస్తాం కానీ మాట ఇవ్వలేం అన్నారు. బాపు ఒక్క మాటతో వద్దని బస్సెక్కాడు. తర్వాత చీముగడ్డ కట్టి, నీళ్లు కూడా మింగలేక, ఊపిరి ఆడకపోతే మళ్లీ అక్కడికే తీసుకెళ్లాం. గ్రంథి తీసేసి బతికించారు, వాళ్లను ఏమీ అనను. కుడివైపు కింది పెదవి మాత్రం పట్టు తప్పింది. కొన్నాళ్లకు తిరిగి రావచ్చన్నారు. రాలేదు. ఇక రాదని బాపు మాకంటే ముందే ఒప్పుకున్నాడు, అదే నాకు ఎక్కువ బాధ.

మొన్నొక సాయంత్రం సన్నాయి బయటికి తీశాడు. పీకను నోట్లో నానబెట్టుకుని ఊదితే పెదవి మూలనుంచి గాలి బుస్సున పోయింది. వేలితో ఆ మూల మూసుకుంటే సన్నాయి రంధ్రాలకు చేయి చాలలేదు. అమ్మను పిలిచాడు.

"జర గీడ ఒత్తిపట్టు."

అమ్మ పక్కన కూర్చుని చూపుడువేలితో పెదవి మూల అదిమి పట్టింది. తలంబ్రాల పాట మొదటి ముక్క వచ్చింది.  అంతలో అమ్మ వేలి కిందనుంచి ఉమ్మి కారి, స్వరం చీలి ఆగిపోయింది. అమ్మ ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇంకోపారి ఊదరాదు" అంది.

బాపు ఆమె చేయి మెల్లగా తీసేశాడు.

"చాలు తియ్. అన్నం పెట్టు."

ఆ పూట అమ్మ చింతపులుసు చేసింది. బాపు మళ్లీ మళ్లీ పోసుకుని తిన్నాడు. దవడ ఉబ్బలేదు.