గూటిలో గ్లాసు

మొన్న శుక్రవారం పొద్దున మా వీధి నల్లాకు నీళ్ళు రాలేదు. బిందెలు వరసగా పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళమంతా గొణగడం మొదలుపెట్టాం. పాస్టరు సారుకు ముసలితనం ముదిరింది, ఇంకా నిద్ర లేవలేదేమో అని ఒకరన్నారు. వాల్వు తిప్పడం కూడా బరువైతే ఆ పని ఇంకెవరికైనా అప్పగించవచ్చు కదా అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరూ కాదు. కాసేపటికి నల్లా బుస్సుమని గాలి వదిలి నీళ్ళు పోసింది. చర్చి ఊడ్చే ఆమె గోడ అవతలి నుంచి వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

"సారు రాత్రి పోయిండు. నీళ్ళు మాత్రం ఆపొద్దన్నది అమ్మగారు. పట్టుకోండ్రి."

నా బిందె సగం నిండి ఉంది. నింపుకోవడానికి మనసు రాలేదు, పారబోయడానికి చేతులు రాలేదు. అట్లాగే ఇంటికి తెచ్చుకున్నాను.

పటాన్‌చెరు నుంచి జిన్నారం వైపు పోయే దారిలో మా ఊరు. మా ఇంటి గోడ, చర్చి గోడ ఒకటే. సారు ఇల్లు ఆ చర్చి ఆవరణలోనే. చర్చికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు. ఎవరికీ ప్రార్థన తప్పిపోకూడదని సారు ఆదివారం ఒకే ప్రసంగాన్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చెప్పేవారు. గోడకు ఇవతల గిన్నెలు తోముకునే నాకు సాయంత్రానికి కంఠతా వచ్చేది. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళు కూర్చున్న చోటే గురకలు పెట్టేవాళ్ళు. ఎవరైనా లేపబోతే, పండనియ్యిరి, దేవుని ఇంట్ల నిద్ర పట్టుడు చిన్న ముచ్చట గాదు అనేవారు. ఇటువైపు నేను నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

శనివారం సాయంత్రం ఆయన మా వీధంతా నడిచేవారు. చర్చికి వచ్చేవాళ్ళ ఇల్లా, రానివాళ్ళ ఇల్లా అని చూసేవారు కాదు. మా మామ పక్షవాతంతో మంచాన పడ్డాక మా అరుగు మీద ఎక్కువసేపు కూర్చునేవారు. మామను ఎత్తి పక్క మార్చడం ఆడవాళ్ళ వల్ల అయ్యేది కాదు. మా ఆయన డ్యూటీలో ఉంటే సారే రెండు చేతులూ వేసి లేపి కూర్చోబెట్టేవారు. మా అత్త ఆయన్ని నువ్వు అనేది. ఆయన మా అత్తను మీరు అనేవారు. అరుగు పక్క గోడలో ఒక గూడు ఉంది. దాంట్లో ఆయన కోసమని ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. ఆయనే తీసుకోవాలి, అత్త పైనుంచి టీ పోయాలి, తాగాక ఆయనే కడిగి మళ్ళీ బోర్లించాలి. మామను ఎత్తేటప్పుడు గుర్తుకు రాని అంటు మాకు గ్లాసు దగ్గర గుర్తుకొచ్చేది.

నేను జోగిపేట వైపు నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి గూటి సంగతి నాకు తెలియదు. సారు తెల్లచొక్కా, చంకలో గొడుగు చూసి బడిపంతులు అనుకున్నాను. అత్త పెరట్లో ఉంది. మర్యాద తెలిసిన కోడలినని చూపించుకోవాలి కదా, పుట్టింటివాళ్ళు నా పేరు కొట్టించి ఇచ్చిన గ్లాసులో టీ పోసి చేతికిచ్చాను. ఆయన అందుకున్నారు. అప్పుడే అత్త గడపలోకి వచ్చింది. ఆమె మొహం చూశాను. ఏం తప్పు చేశానో తెలియదు కానీ, చేశానని మాత్రం తెలిసింది.

సారు నన్నొకసారి చూశారు, అత్తనొకసారి చూశారు. లేచి గూట్లో గ్లాసు తీసుకుని, టీ దాంట్లోకి వంపుకుని, నా గ్లాసు మెల్లగా కింద పెట్టారు.

"కొత్త బిడ్డ, నా గ్లాసు యాడుంటదో ఎరుకలేదు పటేలమ్మా. నేను మూతి పెట్టలే. బిడ్డనేమనకుండ్రి."

అత్త నన్నేమీ అనలేదు. ఆయన ఇంకా అరుగు మీద ఉండగానే నా గ్లాసును పొయ్యి నిప్పుల మీద కాల్చి, చింతపండు వేసి తోమింది. ఆ చప్పుడు వింటూ ఆయన టీ మొత్తం తాగారు.

తర్వాత కొన్నేళ్ళకు ఊళ్ళో బోర్లు పాడయ్యాయి. ఫ్యాక్టరీలు వదిలిన నీళ్ళు భూమిలోకి దిగాయి. అన్నం వండితే పచ్చగా అయ్యేది, బర్రెలు తొట్టి దగ్గర మూతి తిప్పుకునేవి. మెరక మీద ఉన్న చర్చి బోరు ఒక్కటే తియ్యగా ఉండేది. కానీ ఆ గేటు లోపలికి ఎవరు పోతారు? మా బావి దగ్గరికి చర్చివాళ్ళను రానివ్వని వాళ్ళం, ఏ మొహం పెట్టుకుని పోతాం? సారు కొన్నాళ్ళు చూశారు. తర్వాత ఒకరోజు మేస్త్రీని పిలిచి, ప్రహరీకి బొక్క కొట్టించి, పైపు బయటికి లాగి వీధిలోకి నల్లా పెట్టించారు. చర్చివాళ్ళు కొందరు గట్టిగానే తగువుపడ్డారు. గోడ ఇవతల నాకన్నీ వినబడ్డాయి.

"లోపలికి రమ్మంటే వాళ్ళకు నామోషి. గోడకు బొక్క కొడితే మనకేం తక్కువైతది?" అన్నారు సారు.

మేం దానికి వీధి నల్లా అని పేరు పెట్టుకున్నాం, పంచాయతీవాళ్ళు వేయించినట్టు. రోజూ తెల్లవారుజామున ఆయన వాల్వు తిప్పి వదిలిన నీళ్ళు తాగి, శనివారం ఆయన వస్తే గూట్లో గ్లాసు చూపించాం.

మామ పోయాడు. తర్వాత అత్త కూడా పోయింది. ఇక వాకిలి నాది, పొయ్యి నాది, గ్లాసులు నావి. నన్ను అడిగేవాళ్ళు లేరు. మా ఆయన కూడా ఇగ ఆ గూట్ల గ్లాసు తీసెయ్యరాదే అన్నాడు ఒకసారి. వచ్చే శనివారం లోపలి గ్లాసులో ఇద్దామని ప్రతి వారం అనుకునేదాన్ని. ఇస్తే, మరి ఇన్నేళ్ళూ ఎందుకియ్యలేదని ఆయన అనుకుంటారేమోనని సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గుకు భయపడి, అంతకంటే సిగ్గుమాలిన పని చేసుకుంటూ వచ్చాను. ఆయన మాత్రం వచ్చి, బాగున్నవా బిడ్డా అని అడిగి, తనే గ్లాసు తీసుకుని ముందుకు చాపేవారు. చివరి రోజుల్లో ఆ చెయ్యి వణికేది. నేను పైనుంచి పోస్తే టీ ఆయన వేళ్ళ మీద ఒలికేది. అయినా పైనుంచే పోశాను.

శనివారం మట్టి చేశారు. వీధివాళ్ళు చాలామంది గేటు బయటే నిలబడ్డారు. నేనూ మా ఆయనా లోపలికి పోయాం. గోడ అవతలి ఇంట్లోకి అడుగుపెట్టడం నా కాపురంలో అదే మొదటిసారి. సమాధి దగ్గర నుంచి వచ్చినవాళ్ళందరికీ ఇంట్లో ఉన్న గ్లాసుల్లోనే కడిగి కడిగి టీ ఇస్తున్నారు. నా వంతు వచ్చేసరికి సారు భార్య, అమ్మగారు, లోపలికి పోయి, ఒక అట్టపెట్టె విప్పి, వేరే గ్లాసు తెచ్చి టీ పోసింది. నా మొహం చూసి ఏమనుకుందో ఏమో, నెమ్మదిగా చెప్పింది.

"ఇది కొత్తది బిడ్డా, ఎవ్వరం ముట్టలే. మీ ఇంటోళ్ళు ఎన్నడన్న లోపలికొస్తే ఇబ్బంది పడొద్దని ఆయన తెచ్చి పెట్టిండు. నువ్వు కోడలుగ వచ్చిన ఏడాది."

మీరు తాగే గ్లాసులో పొయ్యండమ్మా అని అడగాలనుకున్నాను. ఆ గ్లాసులోనే టీ తాగాను. దుకాణంవాళ్ళు అంటించిన కాగితం దాని మీద అట్లాగే ఉంది. టీ వేడికి ఒక మూల లేచి నా బొటనవేలికి అంటుకుంది.