ముందు సీటులో నా చోటు

కళాశాలలో వాదించి వాదించి అలసి వస్తుంటే, ఆటోనగర్‌లో కిరోసిన్‌తో ఇంజిన్ కడుగుతున్న వాసన నన్ను ఆపేసి, చిన్ననాటి మా కారు దగ్గరికి తీసుకెళ్లింది.

పాత అంబాసిడర్లలో పెరిగిన మిత్రులారా, గేరు స్టీరింగ్ పక్కనే ఉండే ఆ కార్లలో ముందు సీటు బల్లలా ఒకటే ఉండేది, గుర్తుందా? అమ్మకూ నాన్నకూ నడుమ చోటు నాది.

ఒక వేసవిలో నాన్న మా వరండాలోనే ఇంజిన్ విప్పి, పిస్టన్లు మార్చి, ఐదు గేర్ల గేర్‌బాక్సు బిగించారు. దాని గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన కాక, కింద నుంచి లేచి సరిగ్గా నా చోటులో నిలబడింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలి నాన్నా?"

"వెనక సీటంతా నీదేనే తల్లీ!"

"అక్కణ్ణించి నా మాట మీకు వినబడదు!"

"నీ గొంతా? గన్నవరం దాకా వినబడుద్ది," అంది అమ్మ.

ఆ తర్వాత మైలవరం వెళ్తుంటే ఇంజిన్ చప్పుడే లేదు. ముందు వాళ్లిద్దరూ మెల్లగా ఏదో అనుకుని నవ్వుకున్నారు. అదేమిటో నాకు వినబడలేదు. మొదటిసారి, ఏమీ వాదించకుండా కిటికీ వైపు తిరిగాను.