ఓడెక్కకుండానే నాకొచ్చిన నావికుల జబ్బు

ఆ ఉదయం పళ్ళు తోముకుంటుంటే వాష్‌బేసిన్ ఎర్రబడింది. అరవై తొమ్మిదేళ్ళ చిగుళ్ళు, అంతేలే అనుకున్నాను. డెంటిస్టు క్లీనింగ్ చేశాడు. తగ్గకపోగా కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు లేచాయి. సింగపూర్ ఆంగ్ మో కియోలో మా బ్లాకు దిగి బస్‌స్టాప్ దాకా నడిస్తే ఆయాసం.

హాస్పిటల్లో హీమోగ్లోబిన్ బాగా తక్కువన్నారు. "బోన్ మ్యారో టెస్ట్ చేయాల్సి రావచ్చు. బ్లడ్ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి" అంది డాక్టరమ్మ. మా అమ్మాయి లావణ్య మొహం పాలిపోయింది. నిరుడే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. నాకూ భయమేసింది, దాచడం దేనికి?

ఆ వారంలోనే మోకాలి కింద ముప్ఫయ్యేళ్ళనాటి గాయపు మచ్చ పగిలి నెత్తురు కారింది. ఉలిక్కిపడ్డాను. ఈ సంగతి నేనెక్కడో విన్నాను!

విన్నది మా ఆవిడ సుశీల నోట. నేను షిప్‌యార్డులో ఓడల నమూనాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాణ్ణి, ఓడలంటే పిచ్చి. కొత్త తీరాలు వెతుక్కుంటూ పోయిన తొలి నావికులు కళ్ళారా చూసి రాసుకున్న డైరీలు లైబ్రరీ నుంచి తెచ్చేవాణ్ణి. ఆదివారాలు నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే తను పైకి చదివేది. చిగుళ్ళు వాచి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ తెరుచుకుని చనిపోయిన తోటివాళ్ళ గురించి ఆ నావికుల్లో ఒకడు రాశాడు. చదవడం ఆపేసి, "అయ్యో, నిమ్మకాయ ముక్క దొరక్క చచ్చారండీ పాపం!" అంది. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు.

డాక్టరమ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అంకుల్, రోజూ ఏం తింటారు?"

"పెరుగన్నం, ఆవకాయ."

"రాత్రికి?"

"అదే."

లావణ్య నా వైపు తిరిగింది. "డైలీ ఫోన్ చేసి తిన్నావా అంటే తిన్నానన్నావు కదా నాన్నా!"

"తిన్నాను కదమ్మా. మీ అమ్మ పెట్టిన ఆఖరి జాడీ అది. ఇంకేదీ సయించలేదు. మామిడికాయే కదా, పండు తిన్నట్టేలే అనుకున్నా."

పిల్ల అక్కడే ఏడ్చేసింది.

ఒంట్లో విటమిన్ సి దాదాపు లేదని రిపోర్టు వచ్చింది. ఏడాదిగా ఊరిన ఆవకాయలో అది మిగలదట. స్కర్వీ, ఆ నావికుల జబ్బే. బోన్ మ్యారో టెస్ట్ తప్పింది. మాత్రలతో రెండు వారాల్లో చిగుళ్ళు కుదుటపడ్డాయి, గాయం మానడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఈలోగా లావణ్య జాడీని టాంపినీస్‌లో తన ఇంటికి పట్టుకుపోయింది. దాంతో రెండు రోజులు పోట్లాట, మాటల్లేవు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ జాడీతోనే వస్తుంది. జామపండు, నిమ్మకాయ పులిహోర, ఆకుకూర ముందు పెట్టి, అవి తిన్నాకే ఒక్క ముక్క వేస్తుంది. నేను ఇస్త్రీ చేస్తుంటే డైరీలు చదువుతుంది. అచ్చం వాళ్ళమ్మ గొంతే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళను తిన్నారా అని అడగకండి, ఏం తిన్నారని అడగండి. మేం అబద్ధం చెప్పం, అడిగినంతవరకే చెబుతాం.

జాడీలో ఇంకా ఏడు ముక్కలున్నాయి. నాకేం తొందర లేదు.