తుక్కు నక్షత్రానికి ఒక ‘ఆయ్’

నా చిన్నప్పుడు ‘ఆయ్’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మా రాజోలు వైపు ఎవరేం చెప్పినా ముందు ‘ఆయ్’ అనడం మర్యాద. మా తాతయ్య అయితే రోజుకి వందసార్లు అనేవాడు. మిల్లు కామందు తిట్టినా ఆయ్, మా నాయనమ్మ తిట్టినా ఆయ్. నోట్లో నాలుక లేని మనిషని నేను తేల్చేసుకున్నాను. తొమ్మిదేళ్ళదాన్ని, అంతకన్నా తెలివి ఎక్కడేడుస్తుంది?

తాతయ్య రైసుమిల్లులో ఫిట్టరు. ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చి గుమ్మానికి కట్టాలని ఒక నక్షత్రం చేశాడు. ఇనప చువ్వలతో ఐదు కొమ్ములు, వాటినిండా మిల్లులో పారేసిన వాషర్లు, నట్లు, నడుమ ఒక పాత బేరింగు. ఆ వాషర్లన్నీ కిరసనాయిల్లో నానబెట్టి, ఇసుకతో తోమి, గుడ్డతో తుడిచింది నేను. నెల రోజులు నా చేతుల కంపుకి బడిలో పక్కన ఎవరూ కూచోలేదు. పోనీలే అనుకున్నాను. పండగనాడు వాళ్ళంతా దాని కిందనుంచే లోపలికి వెళ్ళాలి, అది నేను తోమిందని వాళ్ళకి తెలియాలి. నాకు కావలసింది అంతే.

ఇక మా సంఘపెద్ద గారు. అమలాపురంలో ఏదో ఆఫీసులో గుమాస్తా. చొక్కా జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. ఆయన ఒక కాయితం నక్షత్రం కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చినంత భద్రంగా తెచ్చారు. మా నక్షత్రాన్ని కాలి బొటనవేలితో కదిపి చూశారు. చేత్తో ముట్టుకుంటే గుమాస్తా ఉద్యోగం పోతుందనుకున్నారేమో.

“దేవుడి మందిరానికి తుక్కు కడతావేంటయ్యా? పట్టుకెళ్ళి మీ మిల్లుకి కట్టుకో,” అన్నారు.

“ఆయ్,” అన్నాడు తాతయ్య.

కాలువకి అటు చర్చి, ఇటు మా ఇల్లు. వంతెన మీదుగా చుట్టు తిరిగి ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకు ఒప్పుకున్నావని సాధించాను, నువ్వు పిరికివాడివని కూడా అన్నాను. తాతయ్య మా వాకిట్లో ఆగి, భుజం మీది నక్షత్రం దించాడు.

“ఒప్పుకున్నానని ఎవరన్నారమ్మా? ఆయన చెప్పింది ఇనపడిందన్నాను. అంతే.”

అని, నిచ్చెన వేసుకుని దాన్ని మా కొబ్బరిచెట్టుకి కట్టేశాడు, కాలువ అవతల చర్చి గుమ్మానికి సరిగ్గా ఎదురుగా. చర్చిలోంచి బయటికొచ్చే ప్రతివాళ్ళకీ మొదట అదే కనబడేది. సంఘపెద్ద గారు ప్రార్థన సాగదీసినప్పుడల్లా గాలికి గలగలమనేది. ఆయన కొన్న నక్షత్రం రెండు రోజుల మంచుకే రంగు కారి, నానిన అప్పడంలా వేలాడింది. అప్పుడు కూడా అది ఫారిన్ కాయితమని చెప్పుకున్నారు, పాపం.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన ఆ తుక్కు తీసెయ్యమనేవారు, తాతయ్య ఆయ్ అనేవాడు. ఆయన తృప్తిగా వెళ్ళిపోయి, పై ఏడు దాన్ని చూసి మళ్ళీ ఆశ్చర్యపోయేవారు. ఎదుటి మనిషిని ఇంత మర్యాదగా తీసిపారెయ్యొచ్చని నాకు అప్పుడే తెలిసింది. పంతులమ్మగా పనిచేసినన్నాళ్ళూ ఎందరో హెడ్‌మాస్టర్ల దగ్గర ఆ ముక్కతోనే నెట్టుకొచ్చాను.

మొన్న చర్చి కమిటీవాళ్ళు మా ఇంటికి వచ్చారు. గుమ్మానికి కొత్త ఆర్చి కట్టారు, దాని మీద క్షణానికో రంగు మార్చే లైట్ల స్టారు. అరనిమిషం చూస్తే కళ్ళు తిరుగుతాయి. దానికెదురుగా మా చెట్టు మీద ఈ ఇనప ముక్క ఉంటే వీడియోలో బాగా రావట్లేదట. వాళ్ళకి నాయకుడు ఆ సంఘపెద్ద గారి మనవడే. ఇతని జేబులో పెన్నుల బదులు రెండు ఫోన్లు.

“టీచరుగారూ, ఈసారి దాన్ని తీయించేద్దామండీ,” అన్నాడు.

“ఆయ్,” అన్నాను.

థాంక్సులు చెప్పి, సంతోషంగా వెళ్ళిపోయారు. నేను నక్షత్రాన్ని కిందికి దింపించి, కొబ్బరినూనె గిన్నె, పాతగుడ్డ ముందు పెట్టుకుని, ఒక్కొక్క వాషరే తుడుస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి అది మళ్ళీ చెట్టెక్కింది. ఇన్నేళ్ళయినా ఆ మాట తాతయ్య అన్నంత బాగా అనడం నాకు రాలేదు. చివర్లో కాస్త నవ్వొచ్చేస్తుంది.