పన్నెండు గంటల హాజరు

"...విన్నాను తల్లీ, విన్లేదని ఎవరన్నారు? అరవై రోజులనే చెప్పాడు ఆ కంప్యూటరు పాఠంలో కళ్ళజోడాయన."

"విని కూడా బాబాయ్ చెవిన వెయ్యలేదా?"

"సారు తొంభై అన్నాక నేను అరవై అనేదెట్లా? మీరైతే అనగలరా?"

ప్లీడరు గుమ్మం ఇవతలే ఆగిపోయాడు. లోపల మాట్లాడుకుంటున్నది ఆయన గుమాస్తా, ఆయన దగ్గరే జూనియరుగా చేస్తున్న అన్నకూతురు. కోర్టు ఆఫీసు ఆ ఉదయమే ఒక అప్పీలు తిప్పి పంపింది. దానికి గుచ్చిన చీటీని అమ్మాయి పైకి చదివింది. గడువు అరవై రోజులు, దాఖలు చేసింది డెబ్భై నాలుగో రోజున.

అది టైలరమ్మ అప్పీలు. పందొమ్మిదేళ్ళుగా కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతున్న కొట్టును ఖాళీ చెయ్యమని కింది కోర్టు చెప్పింది. అప్పీలు లేకపోతే సోమవారం కొట్టుకు తాళం పడుతుంది. ఆవిడ ఆయన వెనకే, ముందు గది బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపలి మాటలు ఆవిడకు ఎంతవరకు వినపడ్డాయో తెలియదు.

ఆయన ప్రాక్టీసుకు ముప్ఫై ఒక్కేళ్ళు. బార్ రూములో అందరూ క్యాలెండరుగారని పిలుస్తారు. ఏ తీర్పు మీద ఎన్నాళ్ళలో అప్పీలు వెయ్యాలో కుర్రలాయర్లు పుస్తకం తియ్యకుండా ఆయన్నే అడుగుతారు. ఆయన కూడా పుస్తకం తియ్యడు. పెద్ద వాదనకారుడని ఎవరూ అనలేదు. పెద్ద కేసులన్నీ ఆయన గుమ్మం దాటి పై అంతస్తు లాయర్ల దగ్గరికే వెళ్ళిపోయేవి. తన చేతి మీదుగా ఒక్క గడువూ జారిపోలేదన్నదే ఆయనకు మిగిలిన పేరు.

రెండేళ్ళ కిందట బార్ కౌన్సిల్ వాళ్ళు కొత్త నియమం పెట్టారు. ప్రతి లాయరూ ఏడాదికి పన్నెండు గంటలు పాఠాలు వినాలి, లేకపోతే ప్రాక్టీసు చేసుకునే సన్నదు కొనసాగదు. మొదటి ఏడు ఆయన వెళ్ళాడు. క్లయింటుతో ఎలా మాట్లాడాలో కొడుకు వయసువాడొకడు తెర మీద బొమ్మలు వేసి చెబుతుంటే ప్లాస్టిక్ కుర్చీలో కునికిపాట్లు పడి వచ్చాడు. రెండో ఏడు నుంచి పాఠాలు కంప్యూటర్లోకి వచ్చాయి. పదిహేను నిమిషాలకొకసారి తెర మీద "ఉన్నారా?" అని పడుతుంది. "ఉన్నాను" అని నొక్కకపోతే పాఠం ఆగిపోతుంది. రోజంతా కోర్టు మెట్లెక్కి దిగి కాళ్ళు పీకుతుంటే మళ్ళీ కుర్చీలో కూర్చునే ఓపిక ఆయనకు లేకపోయింది. కిందటేడు రెండు ఆదివారాలు గుమాస్తా కూర్చుని నలభై ఎనిమిదిసార్లు నొక్కాడు. వచ్చిన సర్టిఫికెట్‌కు గుమాస్తాయే ఫ్రేము కట్టించి తెచ్చాడు.

అమ్మాయి తలెత్తి చూసి, ఆయన్ని చూడగానే గొంతు తగ్గించింది.

"ఆలస్యం మన్నించమని పిటిషన్ రాస్తున్నాను బాబాయ్. కారణం దగ్గర మీకు కామెర్లని రాశాను."

"ఆ రెండు వారాలూ అవతలి లాయరు పక్కనే కూర్చున్నాను. నా ఫ్లాస్కులో టీ తాగాడు."

"నా మీద రాసెయ్యండి సార్, గుమాస్తా తేదీ తప్పు వేశాడని," అన్నాడు గుమాస్తా. "కొత్తేం కాదుగా. కోర్టు కాగితాల ప్రకారం నేనిప్పటికి నాలుగుసార్లు వాయిదా తేదీ తప్పు వేశాను. నిజానికి ఒక్కసారీ వెయ్యలేదు."

"అవతలివాళ్ళు ఆ నాలుగూ తీసి జడ్జిగారి ముందు పరుస్తారు," అంది అమ్మాయి. "ఇంత తెలివితక్కువ గుమాస్తాని ఎందుకు ఉంచుకున్నారని అడుగుతారు."

"ఇరవై రెండేళ్ళుగా నేనూ అదే అడుగుతున్నా," అన్నాడు గుమాస్తా.

ప్లీడరు లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఉన్నదున్నట్టు రాస్తే?"

"గడువు మారిన సంగతి లాయరుకి తెలియక తప్పు చెబితే క్లయింటుని శిక్షించకూడదన్న తీర్పులున్నాయి. కానీ..." అమ్మాయి నీళ్ళు నమిలింది.

"చెప్పవే."

"తెలియదంటే అవతలివాళ్ళు మీ సర్టిఫికెట్ తెప్పిస్తారు. కొత్త గడువుల మీద నాలుగో పాఠం, పూర్తి హాజరు అని మీ పేరు మీద ఉంది. తెలిసే ఊరుకున్నారంటారు. టైలరమ్మ అప్పీలు అక్కడే పోతుంది."

"ఆ హాజరు నాది కాదని రాస్తే?"

"అప్పుడు అప్పీలు నిలబడొచ్చు, మీ సన్నదు సంగతి మాత్రం బార్ వాళ్ళు చూసుకుంటారు. ఆర్నెల్లో, ఏడాదో ఆపేస్తారు. పూర్తిగా తీసేసినా ఆశ్చర్యం లేదు. వద్దు బాబాయ్. ఈ వయసులో ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?"

గుమాస్తా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఆ రోజు చెబుదామనే నోటిదాకా వచ్చింది సార్. మీరు వేళ్ళ మీద లెక్కపెట్టేసి, ఇంకా బోలెడు టైముంది, తొందరేం లేదన్నారు. నాకే పొరపాటుగా వినపడిందనుకున్నా. ఆ పాఠం ఆయన చదువుకుని చెబుతాడు, మీరు పుట్టినప్పట్నించీ చెబుతున్నట్టుంటారు."

ప్లీడరు లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. టైలరమ్మ లేచి నిలబడింది.

"కూర్చో అక్కా."

"కూర్చుంటే పని కాదు లాయర్‌గారూ. కొట్టుకి అరగంటని చీటీ పెట్టి వచ్చాను. ఒక్క మాట చెప్పండి చాలు. మిషన్లు సర్దుకోమంటారా, వద్దంటారా? ఐదున్నాయి. మా తమ్ముడింట్లో రెండే పడతాయి."

"అప్పీలు ఆలస్యంగా పడింది. తప్పు నాది."

ఆవిడ సంచీ బెంచీ మీద పెట్టింది. "మీకు గడువులన్నీ నోటికి వచ్చంటేనే కదా నేను మీ దగ్గరికొచ్చింది."

"అవును."

"మరి ఇప్పుడు?"

"సోమవారం దాకా ఏమీ సర్దకు," అని ఆయన లోపలికి వచ్చాడు. అమ్మాయి కామెర్ల పేరా ఇంకా కొట్టెయ్యలేదు. ఆయన నిలబడే చెప్పాడు.

"అది తీసేసి నే చెప్పింది రాసుకో. కిందటేడు ఆ పన్నెండు గంటలూ నేను వినలేదు. నా పేరున మా గుమాస్తా కూర్చున్నాడు, నేనే కూర్చోబెట్టాను. గడువు మారిన సంగతి నాకు తెలియకపోవడానికి కారణం అదే. కాపీ ఒకటి బార్ వాళ్ళకి కూడా పంపు. సంతకం ఇప్పుడే పెడతాను."