సినిమావాళ్లు బతికించిన చిలక

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు కోపం చాలా సులభంగా వచ్చేది, వచ్చాక పోయేది కాదు. ఎమ్మిగనూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి లెక్కల సారుని. పొద్దున ఆదోని నుంచి బస్సులో నిలబడి వెళ్లి, సాయంత్రం నిలబడే తిరిగొచ్చేవాణ్ణి (సీటు దొరికిన రోజు ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి). నాకు లెక్కలు ఏమాత్రం వచ్చో పిల్లలు తొందరగానే కనిపెట్టేశారు. అందుకని చివరి పీరియడులో పుస్తకం మూసేసి, మా దాదీ, అంటే మా నాన్నను కన్న తల్లి, నాకు చిన్నప్పుడు చెప్పిన కథలు చెప్పేవాణ్ణి. అన్నిట్లోకీ పెద్దది చిలక కథ. వానల్లేక ఊరు ఎండిపోతే, వడ్రంగి కూతురు పెంచుకున్న చిలక కొండలు దాటి వెళ్లి ముక్కున ఒక్క నీటిబొట్టు పట్టుకొస్తుంది. బొట్టు నేలమీద పడగానే వాన మొదలవుతుంది, చిలక మాత్రం ఆ పిల్ల ఒళ్లో కన్ను మూస్తుంది. చెప్పిన ప్రతిసారీ చివర్లో బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకునేవాణ్ణి. పిల్లలు ముక్కులు చీదేవాళ్లు. లెక్కల పీరియడులో ఎన్నడూ దొరకని తృప్తి అది.

అలాంటప్పుడు ఆదోని బస్టాండు గోడమీద ఒక బొమ్మల సినిమా పోస్టరు కనిపించింది. ఎండిన ఊరు, వడ్రంగి కూతురు, చిలక! కింద 'ప్రాచీన జానపద కథ' అని రాసుంది. మా దాదీ కథ ఎవరెవరి చేతులు మారి సినిమాదాకా పోయిందోనని పొంగిపోయి, పెద్ద మేడంను బతిమాలి, తరగతినంతా ఆదివారం మాటినీకి తీసుకొచ్చాను. బస్సులో దారిపొడవునా "చివర్లో ఏడవకూడదు" అని ధైర్యం చెబుతూనే ఉన్నాను. నేను మాత్రం ఉతికిన చేతిరుమాలు తెచ్చుకున్నాను.

సినిమా మొదలైన కాసేపటికే ఒక గాడిద వచ్చింది. మాట్లాడింది. పాట పాడింది! మా కథలో గాడిద ఎక్కడుంది? పళ్లు కొరుక్కుంటూ ఓర్చుకున్నాను. ఇంటర్వెల్లో పిల్లలు పాప్‌కార్న్ తింటూ గాడిద పాటే పాడుతుంటే ఒళ్లు మండింది. చివరికి చిలక నీటిబొట్టు తెచ్చింది, వాన కురిసింది, పిల్ల ఒళ్లో వాలింది. రుమాలు తీశాను. అంతలో చిలక కళ్లు తెరిచి, రెక్కలు దులుపుకుని, రాజకుమారుడై లేచి కూర్చుంది. పెళ్లి! మేళం! పెళ్లికి పెద్ద గాడిద!

నేను లేచి నిలబడ్డాను. "మోసం! ఇదంతా అబద్ధం! చిలక చచ్చిపోయింది!" అని గట్టిగా అరిచాను. హాల్లో ఉన్నవాళ్లంతా పిల్లాపాపలతో వచ్చినవాళ్లే. ముందు వరుసలో ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకొకటి. ఒకావిడ వెనక్కి తిరిగి, "ఏమప్పా, నీకేం పుట్టింది? పిల్లోల్లు నగుతాంటే సూడలేవా?" అని గదిమింది. టార్చిలైటు అన్న వచ్చి నా మొహాన లైటు కొట్టి, "బయటికి రా సార్, ఈడ గలాటా సేయొద్దు" అని రెక్క పట్టుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మా ముందు బెంచీ పాప నా చొక్కా లాగి, "సార్, బతికితే మీకేం నష్టం సార్?" అంది. నేను రుమాలు పట్టుకునే బయటికి నడిచి, సినిమా అయ్యేదాకా గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డాను.

మర్నాడు పెద్ద మేడం పిలిచి, "తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారు. ఇకమీద కథలొద్దు, లెక్కలే చెప్పండి" అన్నారు. సినిమావాళ్లు తప్పు చేస్తే శిక్ష నాకా! ఇంటికి పోయి దాదీ ముందు కూర్చుని, వాళ్లు ఆమె కథను ఎలా ఖూనీ చేశారో చెప్పాను. దాదీ వక్క నములుతూ అంతా వింది.

"చిలక యాడ సచ్చిందిరా? మా అమ్మ సెప్పిన కథలో బతుకుతాది. పెండ్లి గూడా అయితాది."

"నువ్వే కదా చచ్చిపోయిందని చెప్పింది!"

"నువ్వు పండుకుంటేనా? పెండ్లి సేస్తే పెండ్లి తర్వాత ఏమాయె, పిల్లోల్లు పుట్టిరా, వాల్ల పేర్లేమి అంటాంటివి. నాకు కండ్లు మూతలు పడతాండె. అందుకే సంపినా. నువ్వు ఏడ్సి ఏడ్సి నిద్రపోతివి."

"మరి గాడిద?"

"ఉండాది. దానికి పాట గూడా ఉండాది. నాకు దమ్ము, ఊపిరాడక యాడ పాడేది? తీసేసినా."

"ఇన్నేళ్లు ఏడిపించావు కదా దాదీ, ఇది న్యాయమా?" అన్నాను. ఆమెకే కోపం వచ్చింది. "నా కథ బేటా. సంపుకుంటా, బతికిచ్చుకుంటా. అడిగేకి నువ్వెవరు, ఆ సినిమావోల్లెవరు?" అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, దగ్గుతూ దగ్గుతూ గాడిద పాట మొత్తం పాడింది. సినిమా పాటకన్నా చాలా బాగుంది (ఆ సంగతిలో మాత్రం నేను ఇప్పటికీ రాజీపడను).

దాదీ ఇప్పుడు లేదు. నేను ఆదోనిలోనే వేరే ఉద్యోగంలో ఉన్నాను, పెద్దమనిషినని పేరు తెచ్చుకున్నాను. ఎవరేం చేసినా గొంతు పెంచను, సర్దుకుపోతాను. ఒక్కోసారి మాత్రం ఆ కుర్ర సారు గుర్తొస్తాడు. ఎన్నడూ బతికిలేని చిలక చావు కోసం హాలుమొత్తాన్ని ఎదిరించి, తడవని చేతిరుమాలు పట్టుకుని సాయంత్రపు ఎండలోకి గెంటించుకున్నవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.